తీరిక ఎవరిది?

"చదువుకున్నవాడి కన్న చాకలి మేలు" అని మనలో ఒక సామెత ఉంది. చిన్నతనంలో ఈ మాట విన్నప్పుడల్లా ఇది చదువరులకు పెట్టిన చురక అనుకునేవాణ్ణి. పెద్దయిన తరువాత ఆలోచిస్తే, ఇందులో చదువుకున్నవాడికి తగిలిన దెబ్బ కన్న చాకలికి జరిగిన అవమానమే ఎక్కువ అనిపించింది. "నువ్వు ఎవరికి తీసిపోయావో తెలుసా?" అని చదువుకున్నవాణ్ణి నిలదియ్యటానికి, అందరికన్న కిందివాడని లోకం నిర్ణయించిన మనిషిని ఇందులో కొలబద్దగా నిలబెట్టారు. చదువుకున్నవాడి బట్టలు ఎవరు ఉతుకుతున్నారు, ఉతికే మనిషికి చదువుకోవటానికి పొద్దు ఎక్కడ మిగిలింది అన్న ప్రశ్న ఈ సామెతకు తట్టదు. నాకూ చాలాకాలం తట్టలేదు. అది ఎలా తట్టిందో చెప్పుకోవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచీ మనం ఒక ప్రశ్నను వదలకుండా అడుగుతూ వచ్చాం: రచన ఎవరికోసం? దీనిమీద సభలు జరిగాయి, వాదోపవాదాలు జరిగాయి, రచయితలు ఒకరినొకరు నిలదీసుకున్నారు. మంచిదే. కాని పఠనం ఎవరికోసం అన్న ప్రశ్నను అంత గట్టిగా అడిగినట్టు నాకు జ్ఞాపకం లేదు. చదవటం ఎలాగూ మంచిపనే గదా అని ఊరుకున్నాం. చదివినవాడు బాగుపడతాడు, బాగుపడినవాడు సంఘాన్ని బాగుచేస్తాడు అని ఒక లెక్క కట్టుకున్నాం. ఈ లెక్కలో ఒక మెట్టు నుంచి రెండో మెట్టుకు మనిషి ఎలా ఎక్కుతాడో పరిశీలించలేదు. అసలు ఎక్కుతాడో లేదో కూడా చూడలేదు.

నా సంగతే చెబుతాను. నేను గోదావరి డెల్టాలో ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే నాకొక దినచర్య ఉండేది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రెండు గంటలు చదువు. రాత్రి భోజనం తరువాత మరో గంటన్నర. ఆదివారం వస్తే బస్సెక్కి రాజమహేంద్రవరం పోయి గౌతమీ గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. నాళం కృష్ణారావు చిన్న వయసులోనే 1898లో మొదలుపెట్టిన పుస్తక భాండాగారం, వడ్డాది సుబ్బారాయుడి వసురాయ గ్రంథాలయంతో కలిసి, ఆ గ్రంథాలయంగా పెరిగింది. అక్కడ బల్ల ముందు కూర్చుంటే నాలుగు తరాల చదువరుల సరసన కూర్చున్నట్టుండేది. చదివిన ప్రతి పుస్తకానికీ ఒక నోటుబుక్కులో పేరు, తేదీ, పేజీల సంఖ్య, నాలుగు వాక్యాల సారాంశం వ్రాసుకునేవాణ్ణి. అలాంటివి పదకొండు నిండాయి. వాటిని తీసి చూసుకున్నప్పుడల్లా లోలోపల గర్వంగా ఉండేది. పక్కింటివాడు పొలం కొని గట్టు వేసుకుంటున్నట్టే నేను పుస్తకాలు చదివి గట్టు వేసుకుంటున్నానని అప్పట్లో తోచలేదు.

ఇక 2020 సార్వా నాటి మాట. మా నాన్న నుంచి నాకు ఎకరం ముప్పాతిక పొలం సంక్రమించింది. నేను ఏనాడూ అందులో దిగలేదు. దాన్ని కౌలుకు చేస్తున్న రైతు నాకన్న అయిదారేళ్లు పెద్దవాడు. నేను ఆయన్ని "నువ్వు" అంటాను. ఆయన నన్ను "మాస్టారండీ" అంటాడు. ఇక్కడ కాగితం మీద "ఆయన" అని వ్రాస్తున్నాను గాని, నోటితో ఆ మర్యాద ఇవ్వటానికి నాకు అన్నేళ్ల చదువూ చాలలేదు.

అంతకుముందు సంవత్సరం, 2019లో, ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. భూయజమానీ కౌలురైతూ పదకొండు నెలలకు ఒప్పందం వ్రాసుకుంటే రైతుకు ఒక కార్డు వస్తుంది. బ్యాంకు రుణం గాని, పంట పోతే సాయం గాని అడగటానికి ఆ కార్డే ఆధారం. యజమానికి భూమి మీద ఉన్న హక్కుకు దీనివల్ల ఏ లోపమూ రాదని చట్టమే చెప్పింది. అయితే యజమాని సంతకం కావాలి.

ఆయన కాగితం పట్టుకుని ఒక సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చాడు.

"మాస్టారండీ, ఈ కాయితం మీద తమరో సంతకం ఎట్టాలండి."

"చదివి చూడాలిగా. రేపు రా."

"ఆయ్, అలాగేనండి."

మర్నాడు వచ్చాడు. ఎల్లుండి రమ్మన్నాను. మూడోసారి వచ్చినప్పుడు నేను లోపల ఉండి, లేనని చెప్పించాను. ఆ తరువాత ఆయన రావటం మానేశాడు. ఆ మూడు రోజులూ నా చేతిలో ఉన్నది ఏ భక్తి పుస్తకమో కాలక్షేపం నవలో కాదు. "పెట్టుబడి" మొదటి సంపుటంలో పనిదినాన్ని గురించిన అధ్యాయం. దాని సారాంశం కూడా నోటుబుక్కులో శుభ్రంగా వ్రాసుకున్నాను.

ఆ ఏడు అక్టోబరు 13న వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఈనిన చేలు నీళ్లలో వాలిపోయాయి. సాయం అందేవాళ్ల జాబితాలో ఆయన పేరు లేదు, ఎందుకంటే ఆయన రైతని చెప్పే కాగితం లేదు. కౌలు బస్తాలు మాత్రం మా ఇంటికి చేరాయి. రెండు బస్తాలు తగ్గించి పుచ్చుకుని అది నా ఔదార్యమనుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "ఏం చేత్తామండి, మన రాత" అన్నాడు. ఆ "మన" దగ్గర నేను తలెత్తలేకపోయాను. అది ఆయన నుదుటిరాత కాదు. నేను వ్రాయని రాత.

ఎందుకు సంతకం చెయ్యలేదు? బద్ధకం అని మొదట నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. కార్డు చేతికొస్తే రేపు పొలం నాదంటాడేమోనన్న భయం నాలో ఒక మూల ఉంది. చట్టంలో ఆ భయానికి తావు లేదని నాకు తెలుసు. నేను ఆ చట్టం చదివాను. అందరూ సంతకం పెట్టకుండా ఉంటే నేనొక్కణ్ణే పెడితే బంధువులు ఏమంటారోనన్న జంకు కూడా ఉంది. ఈ రెంటినీ కప్పిపుచ్చటానికి నాకు దొరికిన మాట "చదివి చూడాలిగా" అన్నది. నన్ను బాగుచెయ్యవలసిన చదువునే తప్పించుకోవటానికి నేను సాకు చేసుకున్నాను. మనబోటివాళ్లలో ఇది అరుదైన సంగతి కాదని నా అనుమానం.

ఆ తరువాత కొన్నాళ్లు పుస్తకం తెరవబుద్ధి కాలేదు. తెరిచినప్పుడల్లా ఒకే ప్రశ్న అడ్డు వచ్చేది: ఈ రెండు గంటలూ నాకు ఎవరిచ్చారు?

ఈ డెల్టాలో తీరిక ఎలా పుట్టిందో చూడండి. 1830లలో ఈ ప్రాంతం కరువుతో అల్లాడింది. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తయింది. కాలువలు తవ్వారు, నీళ్లు పారాయి, మెట్ట మాగాణి అయింది. ధాన్యం మిగిలింది. ధాన్యం మిగిలినచోట కొందరికి పొద్దు కూడా మిగిలింది. నాగలి పట్టనక్కరలేని కుటుంబాల పిల్లలు రాజమహేంద్రవరం, కాకినాడ పోయి చదువుకున్నారు. పత్రికలు, నాటకాలు, సమాజాలు, గ్రంథాలయాలు పుట్టాయి. మనం గర్వంగా చెప్పుకునే గోదావరి సంస్కృతికి అడుగున ఉన్నది ఈ వరి మిగులే. డెల్టాలో ఎన్నో ఊళ్లలో కాటన్ విగ్రహం ఉంది. ఆయనకు కుడిభుజంగా పనిచేసిన వీణెం వీరన్న పేరు కూడా కొందరికి తెలుసు. రాళ్లు మోసి మట్టి తవ్విన వేలాది కూలీల పేర్లు మాత్రం మనలో ఎవరికీ తెలియవు. వంగి నాట్లు వేసిన ఆడవాళ్ల పేర్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఆనకట్ట పని మొదలైన ఆ 1847లోనే ఇంగ్లండులో పది గంటల చట్టం వచ్చింది. బట్టల మిల్లుల్లో ఆడవాళ్లనూ పసివయసు వాళ్లనూ రోజుకు పది గంటలకు మించి పనిచేయించకూడదన్నది దాని సారం. 1864లో ఇంటర్నేషనల్ స్థాపన సందర్భంగా వ్రాసిన ప్రసంగంలో మార్క్స్ ఈ చట్టాన్ని ఒక సూత్రానికి లభించిన విజయంగా లెక్కగట్టాడు. ఎందుకు? మనిషికి తన కాలం తన చేతికి రానిదే ఆలోచన రాదు, సంఘటన రాదు. మన దేశంలో 1948 నాటి ఫాక్టరీల చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టింది. కాని నాట్లు వేసే ఆడకూలీకి ఏ ఫాక్టరీ గంటా మోగలేదు. చీకటితో లేచి వండిపెట్టి, చేలో దిగి, పొద్దుగూకి ఇంటికి వచ్చి మళ్లీ పొయ్యి రాజేసే మనిషికి తీరిక ఏ చట్టంలో ఉంది?

కూలి మనిషి దాకా పోనక్కరలేదు. మా ఇంట్లోనే చూశాను. నా భార్య ఎస్సెల్సీ ప్యాసైంది. పెళ్లైన కొత్తల్లో నాకన్న ఎక్కువ నవలలు చదివేది. పదిహేనేళ్ల తరువాత ఒకనాడు నేను పెద్దమనిషి తరహాగా "నీకు చదివే అలవాటే పోయింది" అన్నాను. ఆవిడ గిన్నెలు బోర్లిస్తూ, "అలవాటు పోలేదండీ, పొద్దే చాలటం లేదు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. నేను తెల్లవారుజామున చదువుకునే ఆ రెండు గంటల్లో కాఫీ ఎక్కడినుంచి వస్తున్నదీ, వాకిలి ఎవరు ఊడుస్తున్నదీ నా పదకొండు నోటుబుక్కుల్లోనూ ఎక్కడా నమోదు కాలేదు.

ఇది నా ఇంటి లోపం మాత్రమే అయితే పత్రికలో వ్రాయనక్కరలేదు. 2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వేలో తేలిన సంగతి ఇది: ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పని మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతుంటే, చేసే మగవాళ్లు గడిపేది 97 నిమిషాలు. అదీ చేసేవాళ్ల లెక్క. ఏదో ఒక ఇంటిపని చేసే ఆడవాళ్లు నూటికి 81 మంది ఉంటే మగవాళ్లు 26 మందే ఉన్నారు. 2024లో మళ్లీ లెక్క తీస్తే 289, 88 అని వచ్చింది. అయిదేళ్లలో ఇద్దరికీ కొన్ని నిమిషాలు తగ్గాయిగాని, వాళ్ల మధ్య దూరం దాదాపు అలాగే ఉంది.

మన సంస్కరణ చరిత్రను కూడా ఈ కంటితో మళ్లీ చదవవచ్చు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి స్వయంగా నీళ్లు మోసి, అందరికీ వండిపెట్టింది. ఆయన వాదించిన వాదాలు గ్రంథాలై మనకు దక్కాయి. ఆమె మోసిన బిందెలు గ్రంథాలు కాలేదు. ఆ బిందెలు లేకపోతే ఆ పెళ్లి పందిట్లో అన్నం ఉడికేదా? వీరేశలింగాన్ని తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు. ఒక మనిషి ఔన్నత్యం ఒక్క మనిషి చేతి పని కాదని మాత్రమే అంటున్నాను.

చదివి పైకొచ్చినవాడికి ఉదాహరణగా మనం ఎప్పుడూ గోర్కీని చెబుతాం. నేనూ పిల్లలకు చెప్పాను. కాని ఆయన ఆత్మకథ రెండో భాగంలో ఒక ఘట్టం ఉంది. కుర్రవాడైన గోర్కీ ఒక స్టీమరు మీద అంట్లు తోముతుంటాడు. స్మూరీ అనే వంటవాడికి పుస్తకాలంటే ప్రాణం. పని ఆపి తనకు చదివి వినిపించమంటాడు. గ్లాసులు కడగవలసినవి ఉన్నాయని కుర్రవాడంటే, ఆ పనికి మరో పనివాణ్ణి గదమాయించి తోలుతాడు. ఆ పనివాడు మండిపడి గ్లాసులు పగలగొడతాడు. ఈ ఘట్టాన్ని నేను పిల్లలకు ఎన్నో సార్లు చెప్పాను, పగిలిన గ్లాసుల సంగతి వదిలేసి. గోర్కీ వదిలెయ్యలేదు, వ్రాశాడు. ఆయనకూ నాకూ తేడా అక్కడే ఉంది.

ఇంతవరకు చదివిన విద్యార్థి మిత్రులు, "అయితే చదువు మానెయ్యమంటారా?" అని అడగవచ్చు. అనను. పుస్తకం మూసేసి చేలోకి దిగితే సంస్కారం వస్తుందన్న మాట వినటానికి బాగుంటుందిగాని, పొద్దస్తమానం చేలోనే ఉన్న మనిషి పుస్తకం కావాలనే అడుగుతున్నాడు. అతను కోరుకునేదాన్ని మనం త్యాగం చేశామని చెప్పుకోవటం హాస్యాస్పదం.

ముందు నేను బాగుపడతాను, సంఘం సంగతి తరువాత చూద్దామనేవాళ్లు మరికొందరు. ఇది ఈనాడు పెద్ద వ్యాపారం. నీ కాలాన్ని నిమిషాలుగా పంచుకో, నిన్ను నువ్వు పెంచుకో అని చెప్పే పుస్తకాలు ప్రతి రైల్వేస్టేషనులోనూ ఉన్నాయి. తెల్లవారుజామున లెమ్మంటాయి, లేచినవాడికి కాఫీ పెట్టేది ఎవరో చెప్పవు. వాటికీ నా నోటుబుక్కులకూ తేడా ఉందని మొన్నమొన్నటిదాకా అనుకున్నాను. పుస్తకాల పేర్లు వేరు, గట్టు ఒకటే.

మూడో రకం జవాబు మన శిబిరంలోనిది. అందుకే దాన్ని కాస్త గట్టిగా పట్టుకోవాలి. "వ్యవస్థ మారనిదే వ్యక్తి మారడు, అంతదాకా వ్యక్తిగత నీతి గురించి మాట్లాడటం సంస్కరణవాదం" అని మనం అంటాం. ఇందులో నిజం ఉంది. కౌలు వ్యవస్థను నేను పుట్టించలేదు. నేను ఒక్క సంతకం చేసినంత మాత్రాన అది పోదు. దున్నేవాడికి భూమి రావాలంటే ఉద్యమం కావాలిగాని ఒక మేష్టరు పశ్చాత్తాపం చాలదు. అంతా ఒప్పుకుంటాను. అయితే ఆ సాయంత్రం కలం వ్యవస్థ చేతిలో లేదు, నా చేతిలో ఉంది. వ్యవస్థను గురించి చదివిన చదువు నా చేతిలోని కలాన్ని నాకు కనబడకుండా చేసింది. తన వంతు వచ్చినప్పుడు వ్యవస్థ వెనక దాక్కునేవాడు వ్యవస్థను మార్చే పనికి ఎలా పనికొస్తాడు? చదువు లేని భూస్వామి లోభంతో సంతకం మానేస్తాడు. నేను సిద్ధాంతంతో మానేశాను. కౌలురైతుకు రెండూ ఒక్కటే.

కనుక చదువును కొలవవలసింది పేజీలతో కాదు. మన తీరిక ఒకరి శ్రమలోంచి వచ్చింది. అది అప్పు. చదివిన చదువు ఆ మనిషికి ఎంతో కొంత తిరిగి కాలంగానో, కాగితంగానో, తోడుగానో చేరుతున్నదా లేదా అన్నదే కొలత. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పటినుంచీ అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకుపోవటమే పనిగా పెట్టుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పుస్తకాల పడవ నడిపించారు. రేచీకటితో బాధపడిన చిలకమర్తి లక్ష్మీనరసింహం 1909లో రాజమహేంద్రవరంలో, అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకోసం బడి పెట్టారు; చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోతే తన జీవితకథను చెప్పి ఇంకొకరిచేత వ్రాయించుకున్నారు. ఒకరి కళ్లు ఒకరికి అక్కరకు రావటమే విద్య అనుకుంటే, నా పదకొండు నోటుబుక్కుల్లో విద్య ఎంత ఉన్నట్టు?

నేను మహత్కార్యాలేవీ చెయ్యటం లేదు. తెల్లవారుజామున కాఫీ నేనే పెడుతున్నాను; రాత్రి గిన్నెలు నావి. ఇందుకు మెచ్చుకోలు ఆశించి మొదటి వారమంతా నా భార్య వంక చూశాను. ఆవిడ మెచ్చుకోలేదు. పాత అలమారలోంచి ఒక నవల తీసి దుమ్ము దులిపి చదవటం మొదలుపెట్టింది. ఊళ్లో వారానికి రెండు సాయంత్రాలు రామాలయం అరుగు మీద కూర్చుని బ్యాంకు కాగితాలు, దరఖాస్తులు, పంట కార్డుల ఒప్పందాలు ఎవరు తెచ్చినా చదివి చెబుతున్నాను. నా చదువు తగ్గింది. రోజుకు గంటకు మించి కుదరటం లేదు. పన్నెండో నోటుబుక్కు సగం కూడా నిండలేదు.

2021 సార్వా ముందు కొత్త ఒప్పందం కాగితం పట్టుకుని నేనే కౌలురైతు ఇంటికి వెళ్లాను. ఆయన అన్నం తింటున్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేదాకా వీధిలో మంచం మీద కూర్చున్నాను. ఆయన కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి, సంతకం ఉన్నచోట వేలు పెట్టి, నా మొహంలోకి చూశాడు.

"చదివారాండీ?" అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

"చదివానండీ" అన్నాను.